జలుబు లేని పిల్లకు జలుబు మందు

మా అమ్మాయి పేరు బడిలో బోర్డు మీద ఎప్పుడూ ఉండేది. ర్యాంకుల వరుసలో అనుకునేరు. టీచరు బయటికి పోయినప్పుడు మాట్లాడినవాళ్ళ పేర్లు క్లాస్ లీడరు రాస్తుందే, ఆ వరుసలో. మిగతా పేర్లు ఏ రోజుకు ఆ రోజు చెరిపేసేవారు. మా పిల్ల పేరు మాత్రం చెరపడమే మానేశారు. పొద్దున ప్రార్థన అయి పిల్లలు లోపలికి వచ్చేసరికే అది అక్కడ సిద్ధంగా ఉండేది. నోరు తెరవకముందే నేరం రుజువైన మనిషి ఆ రెండో తరగతిలో మా పిల్ల ఒక్కతే.

ఒకరోజు నేనే డస్టరు తీసుకుని తుడిచాను.

"అయ్యో మేడం, మళ్ళ రాసుడేనాయె. సుద్దముక్క దండుగ," అన్నది టీచరమ్మ.

సుద్దముక్క మీద ఉన్న దయలో సగం మా పిల్ల మీద ఉంటే నేను ఇది రాయవలసిన పని ఉండేది కాదు.

ఇది 2011 నాటి మాట. అప్పుడు మేం మిర్యాలగూడలో ఉండేవాళ్ళం. మా ఆయన రైస్ మిల్లులో గుమాస్తా. నేను ఇంట్లో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేదాన్ని. నాకు ఇరవై ఆరు, పిల్లకు ఏడు. పిల్ల కూర్చుంటే కాళ్ళు ఊగేవి. కాళ్ళు పట్టుకుంటే చేతులు, చేతులు పట్టుకుంటే నోరు. అన్నీ పట్టుకుంటే ఏడుపు. అన్నం ముందు కూర్చోబెడితే గోడ మీద బల్లి ఎటు పోయిందో చూడ్డానికి లేచేది. బల్లి వెంట కిటికీ దాకా, కిటికీ వెంట గేటు దాకా, గేటు అవతల ఎవరి బర్రె ఈనిందో కనుక్కునే దాకా. తిరిగి వచ్చేసరికి అన్నం చల్లారేది, నా బుర్ర వేడెక్కేది. లెక్కల పుస్తకంలో మొదటి లెక్క కరెక్టు, రెండోది సగం, మూడో దాని చోట నెమలి బొమ్మ. నెమలి బొమ్మ బాగుండేది. దానికి మార్కులు లేవు.

సలహాలు మాత్రం ఇంటికే వచ్చేవి. జాకెట్టు కొలతకు వచ్చినామె టేపు కింద చేతులు చాపి నిలబడి, "రెండు దెబ్బలెయ్యి, అదే కూసుంటది," అనేది. చేతులు చాపి కదలకుండా నిలబడటం ఆమెకూ వచ్చేది కాదు. అందుకే ఆమె జాకెట్లు ఎప్పుడూ ఒక వైపు లూజు.

మా అత్తమ్మ ఆత్మకూర్ (ఎస్)లో గొర్రెలు కాసే ఇంట్లో పుట్టిన మనిషి. పిల్ల ఎక్కడుందో తెలియాలని మువ్వల పట్టీలు తొడిగింది. మూడో రోజుకే బడిలో తీసి చేతిలో పెట్టి పంపారు. ఇంట్లో వినపడాలట, బడిలో వినపడొద్దట. పిల్ల ఎటు పోయినా ఎవరో ఒకరికి తప్పే.

"ఇదంత మీ అమ్మగారింటి గుణమే," అనేది అత్తమ్మ.

"అత్తమ్మా, నా అమ్మగారిల్లు నీ అమ్మగారిల్లే కదా," అనేదాన్ని నేను. ఆమె మా నాన్నకు సొంత చెల్లెలు. మా ఆయన నాకు మేనబావ. మా ఇంట్లో నింద ఎటు విసిరినా తిరిగి మా ఇంటి మీదే పడుతుంది.

"గందుకే, మీ తాత గుణం," అని సర్దుకునేది ఆమె. తాత చచ్చిపోయి చాలా ఏళ్ళయింది, కాబట్టి కాదనలేదు.

సూర్యాపేటలో ఒక ఆసుపత్రికి ఆదివారం ఆదివారం హైదరాబాద్ నుంచి పిల్లల మానసిక డాక్టరమ్మ వచ్చేది. మా తమ్ముడు సూర్యాపేటలోనే పనిచేసేవాడు, వాడే కనుక్కుని తీసుకుపోయాడు. గదిలోకి పోగానే మా పిల్ల ఫ్యాను రెగ్యులేటరు తిప్పింది, సొరుగు లాగింది, "నీకు రెండు పెన్నులెందుకు?" అని డాక్టరమ్మనే అడిగింది. నేను అలవాటు కొద్దీ, "కూసోయే," అన్నాను.

"ఉండనివ్వండి, నేను చూస్తున్నది అదే," అందామె.

చాలాసేపు చూసింది, అడిగింది, ఇంకో రెండు ఆదివారాలు రమ్మంది. ఆఖరికి, ఇది పొగరు కాదు, పెంపకం తప్పు కాదు, మెదడు పనిచేసే తీరే అంత, దీన్ని ఏడీహెచ్‌డీ అంటారు అని చెప్పింది. ఏడేళ్ళుగా నా నెత్తిన ఉన్న బస్తా ఎవరో దించినట్టయింది. తీరిగ్గా ఏడుద్దామని బయటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. ఏడవనిస్తే కదా. మా పిల్ల హాల్లో అందరి టోకెన్లు గుంజుకుని, నంబరు ప్రకారం జనాన్ని వరుసలో కూర్చోబెడుతోంది. ముసలాయన ఒకడు బుద్ధిగా లేచి చోటు మారాడు కూడా.

డాక్టరమ్మ చెప్పినవి పెద్ద రహస్యాలేం కాదు. ఒకసారి ఒకే పని చెప్పమంది. పనిని ముక్కలు చేసి ఇమ్మంది. మధ్యలో లేచి తిరగనివ్వమంది. చేసిన వెంటనే మెచ్చుకోమంది, నెల తర్వాత కాదు. వాటితోపాటు ఒక గోలీ మొదలుపెడదామంది. బరువు చూసింది, గుండె విన్నది, బీపీ చూసింది. "కానీ తల్లీతండ్రీ ఇద్దరూ ఒప్పుకోవాలి. పాపకు కూడా అది ఏమిటో చెప్పి ఇవ్వాలి. వచ్చేసారి మీ ఆయన్ని తీసుకురండి," అంది.

మా ఆయన రాలేదు.

"మా ఇంట్ల పిచ్చోళ్ళు లేరు," అన్నాడు.

"పిచ్చి అని ఎవరన్నరు బావా?"

"పిచ్చి డాక్టరు కాడికి పోయి గోలీ తెచ్చుకుంటే ఇగ ఏమంటరు? మిల్లుల తెలిస్తే నా ఇజ్జత్ ఏం గావాలె? చిన్నపిల్లకు మందులేంది? నా కడుపున పుట్టిన దానికి నేను మందు పొయ్య."

ఆ ఆఖరి మాట బాగా గుర్తుపెట్టుకోవాలని నాకు అప్పుడు తెలియదు.

"ఏడీ… ఏందే అది? బీఈడీ సొంటిదా?" అని అత్తమ్మ తలుపు దగ్గరి నుంచి అడిగింది.

"అసొంటిదే అత్తమ్మా. కాకుంటే గది సదివితే నౌకరి వస్తది, గిది వస్తే బడిలకెళ్ళి ఎల్లగొడ్తరు."

ఎల్లగొట్టడం నిజంగానే దగ్గరికొచ్చింది. మూడో తరగతికి ఈ పిల్లను తీసుకోవాలా వద్దా, జూన్‌లో చూసి చెప్తామన్నారు బడివాళ్ళు. మా ఆయన ఒప్పుకుంటేనే గోలీ. గోలీ పడి కాస్త కుదురుకుంటేనే బడి. ఆయనేమో ఒప్పుకోడు. ఆ వేసవి అంతా నేను కత్తెర చేతిలో పెట్టుకునే మాట్లాడాను, బట్టలు కత్తిరించడానికే అయినా.

ఈలోపు కోదాడ నుంచి ఫోను. మా ఆయన అక్క, అంటే మా వదిన, అక్కడి వాళ్ళకు ఇచ్చిన మనిషి. పెళ్ళయి కోదాడ పోయినప్పటి నుంచి ఆమె మాటలో ఆంధ్రా కలిసింది.

"మరదలా, మావాడికి పంచెల ఫంక్షన్ పెట్టాం. నీ కూతురికి కూడా ఏడే కదా, బేసి సంవత్సరం. ఇద్దరికీ కలిపి చేసేద్దాం, ఖర్చు కలిసొస్తుంది."

మా వైపు పిల్లలకు బేసి వయసులో పెద్దబట్టలు కట్టే వేడుక ఒకటి ఉంది. మగపిల్లాడికి పంచె, ఆడపిల్లకు పట్టుచీర. బట్టలు మేనమామ తేవాలి. ఎర్ర ముఖమల్ సింహాసనం మీద కూర్చోబెడితే చుట్టాలంతా వరుసగా వచ్చి అక్షింతలు వేసి, ఫొటో దిగి, భోజనానికి పోతారు. పిల్లలు చేయాల్సిన పని ఒక్కటే, కదలకుండా కూర్చోవడం. లోకంలో ఇన్ని పనులుండగా మా పిల్లకు ఆ ఒక్కటే రాదు.

నేను వదినకు ఫోనులో విడమరిచి చెప్పాను. కాసేపు కూర్చుంటది, లేచి హాలంతా ఒక చుట్టు చుట్టి వస్తది, మళ్ళీ కూర్చుంటది, అట్లా అయితే నడుస్తది అని.

"మధ్యలో లేస్తే వీడియో పాడైపోదూ?" అందామె.

"వీడియో కొరకు పిల్లనా, పిల్ల కొరకు వీడియోనా వదినా?"

"నీకన్నీ జోకులే. నువ్వు రా, నేను చూసుకుంటానుగా."

పాపం మా పిల్లకు ఆ చీర మీద మోజు. ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీ మీద నా చున్నీ చుట్టుకుని కూర్చుని కదలకుండా ఉండటం నేర్చుకునేది. "మమ్మీ, సూడు సూడు, కదుల్తలేను," అని చెప్పడానికి ప్రతిసారీ లేచి వచ్చేది.

ఫంక్షన్ హాలు కోదాడలో హైవే పక్కనే. గేటు మీద ఫ్లెక్సీలో మా పిల్ల, వదిన కొడుకు, వాళ్ళ చుట్టూ మేం ఎన్నడూ పలకరించని పెద్దమనుషుల ఫొటోలు. ఎండ మండుతోంది, కరెంటు పోయింది, జనరేటరు మోత. మా తమ్ముడు తెచ్చిన పట్టుచీర పిల్లకు నేనే కట్టాను. జడ వేస్తుండగా అది అద్దంలో తనను చూసుకుని, "నేను పెద్ద టీచర్ లెక్క ఉన్న," అంది. అంతలో వదిన వచ్చి, "నువ్వు పోయి గేటు దగ్గర బొట్టు పెట్టు, పన్నీరు చల్లు. పిల్ల తల్లి గేటు దగ్గర లేకపోతే బాగుండదు," అని నన్ను పంపించింది. "పాపకు కూల్‌డ్రింక్ నేను తాగిస్తాలే."

చాలాసేపటికి ఒక చుట్టపామె భోజనం చేసి చేయి కడుక్కుంటూ గేటు వైపు వచ్చి అన్నది: "ఎవరు సెప్పిన్రే మీ బిడ్డ అల్లరిదని? బంగారు బొమ్మ లెక్క కూసుంది. కదిలితే ఒట్టు."

పన్నీరు బుడ్డి అక్కడే పెట్టేశాను. వేరే తల్లులు ఆ మాటకు మురిసిపోతారు. మా పిల్ల నిద్రలో కూడా కాళ్ళాడిస్తది.

స్టేజీ ఎక్కి చూస్తే కాళ్ళు కదలడం లేదు. తల ఒక పక్కకు వాలింది, కళ్ళు సగం మూత. మీద అక్షింతలు పడుతున్నాయి, దానికి తెలియడం లేదు. వీడియో అబ్బాయి, "పాపా, జర తల లేపమ్మా, స్మైల్," అంటున్నాడు. భుజం కింద చేయి పెట్టి ఎత్తబోతే రాలేదు. వెనక చూశాను. జారిపోకుండా కొంగును పిన్నీసులతో సింహాసనం ముఖమల్‌కు గుచ్చారు. నేను జాకెట్లు కుట్టేదాన్ని, గుడ్డకు గుడ్డ గుచ్చడం నాకు తెలుసు. గుడ్డలోపల పిల్ల ఉండగా కుర్చీకి గుచ్చడం అప్పుడే చూశాను.

"ఏం తాగించినవ్ వదినా?"

"మెల్లిగా, జనం చూస్తున్నారు. జలుబు మందేనమ్మా. మా ఆర్‌ఎంపీ ఇచ్చాడు. రెండు మూతలు, అంతే. కూల్‌డ్రింక్‌లో కలిపాను, చేదు తెలియకుండా."

"జలుబేది?"

ఆమె కెమెరా వైపు చూసింది. వీడియో అబ్బాయి కెమెరా దించాడు. మా అత్తమ్మ కింద నుంచి మెట్లెక్కి వచ్చి పిల్ల చెంపలు తట్టి చూసి, "ఏం పోసినవే దొంగముండా నా మనుమరాలికి?" అని సొంత కూతుర్నే తిట్టింది. నాకు కొంచెం బలం వచ్చింది.

అప్పుడు మా ఆయన వచ్చాడు. మేనల్లుడికి పంచె పెట్టిన మేనమామ కదా, భుజాన కొత్త కండువా, నుదుట పొడుగు బొట్టు. వస్తూనే అన్నాడు: "ఏం గాదు, ఏం గాదు. లొల్లి జెయ్యకు. మూడు నాలుగు గంటల్ల లేస్తది."

"ఎప్పుడు లేస్తదో నీకెట్ల తెలుసు బావా?"

ఆయన స్టేజీ వెనక కట్టిన ఇంకో ఫ్లెక్సీ వైపు చూశాడు. అక్కడ ఆయన ఫొటో నవ్వుతోంది.

నేను అరవలేదు. అరిస్తే అది వాళ్ళకు జరిగిన అవమానం అవుతుంది, పిల్లకు జరిగింది మరుగునపడుతుంది. పిన్నీసులు ఒక్కొక్కటే తీశాను, పిల్లను భుజాన వేసుకుని మెట్లు దిగాను. మా తమ్ముడు అప్పటికే ఆటో ఆపాడు. భోజనాల వరుసలో ఉన్నవాళ్ళు పళ్ళేలు పట్టుకుని దారి ఇచ్చారు. ఒకాయన అక్షింతలు చేతిలో ఉండిపోయి, ఏం చేయాలో తోచక ఆటో మీద వేశాడు.

కోదాడలోనే ఒక ఆసుపత్రిలో పిల్లల డాక్టరు చూశాడు, ఊపిరి బాగానే ఉంది, సాయంత్రం దాకా ఇక్కడే ఉంచండి అన్నాడు. ఆ తర్వాత నన్ను తిట్టాడు. "ఫొటోల కోసం పిల్లకు మత్తు పోస్తారా? ఊపిరికి అడ్డం పడితే ఎవరు జవాబు? తల్లివేనా నువ్వు?" అని. పోసినవాళ్ళు హాల్లో భోజనాలు వడ్డిస్తున్నారు, తిట్లు మాత్రం పిల్లను మోసుకొచ్చినదానికి పడ్డాయి. తప్పు చేసినవాళ్ళు ఆసుపత్రికి రారు కదా, ఎత్తుకొచ్చినవాళ్ళే వస్తారు. మా తమ్ముడు నోరు తెరవబోతే ఆపాను. ఆ మాటల్లో ఒక్కటీ తప్పు లేదు, చిరునామానే తప్పు.

ఫంక్షన్ ఆగలేదట. వచ్చినవాళ్ళు వేయకుండా తినడం పద్ధతి కాదని ఖాళీ కుర్చీ మీద కూడా అక్షింతలు వేసి భోజనాలకు పోయారట.

సాయంత్రం పిల్ల లేచి కక్కుకుంది. మూతి తుడిపించుకుంటూ అడిగింది: "మమ్మీ, నేను మంచిగ కూసున్ననా?"

తడిగుడ్డ మడత మార్చి మళ్ళీ దాని మూతి తుడిచాను.  "మంచిగ కూసున్నవ్," అన్నాను. అంతకంటే చెత్త మాట నా జీవితంలో చెప్పలేదు.

ఇంటికొచ్చాక మా ఆయన అన్న మాట ఒక్కటే. "జలుబు మందే కదనే."

"డాక్టరు బరువు చూసి, గుండె ఇని, నీకు చెప్పి, పిల్లకు చెప్పి ఇస్తనన్న గోలీ పిచ్చిమందు. మీ అక్క మూతతోటి కొలిచి, కూల్‌డ్రింక్ల దాచి పోసింది జలుబు మందు. పిల్ల సదువుకుంటందుకు మందియ్యవు. వీడియో కొరకు ఇస్తవు. అంతేనా బావా?"

"అక్క అడిగింది. ఒక్క పూటకే కదా అన్న."

"నా కడుపున పుట్టిన దానికి మందు పొయ్య అన్నవ్ కదా. నువ్వు పొయ్యలే. పొయ్యమని తలూపినవ్."

మర్నాడు పిల్లను తీసుకుని ఆత్మకూర్ బయలుదేరాను. అలిగి పుట్టింటికి పోవడమంటే ఎంతో గంభీరంగా ఉండాలి కదా. బస్టాండులో చూస్తే మా అత్తమ్మ సంచితో నిలబడి ఉంది. "నేను గూడ అలిగిన," అంది. అది ఆమెకూ పుట్టిల్లే. ఒంటరిగా అలిగే భాగ్యం కూడా లేని సంసారం నాది. దారంతా ఆమె కిటికీ పక్క సీటు మనుమరాలికి ఇచ్చి, బయట కనపడినవన్నీ దాంతో లెక్కపెట్టించింది. మధ్యలో ఒకసారి నా వైపు తిరిగి, "ఆ గోలీ ఇస్తే ఇట్ల పడిపోదు కదా?" అని అడిగింది. పడిపోదని చెప్పాను. "మరి గా మాట ముందే సెప్పాలె," అంది. ముందు చాలాసార్లే చెప్పాను. అప్పుడు ఆమెకు బీఈడీ అని వినపడింది.

వారం తిరగకముందే మా ఆయన వచ్చాడు. మిల్లులో సీజను లేదు, ఇంట్లో అన్నం లేదు. అరుగు మీద కూర్చుని మా నాన్నతో వానల గురించి చాలాసేపు మాట్లాడాడు. ఎండాకాలంలో వానల గురించి అంతసేపు మాట్లాడిన మనిషిని నేను చూడలేదు. ఆఖరికి నా దగ్గరికి వచ్చి, "ఇంటికి రా," అన్నాడు.

"ఆదివారం సూర్యాపేట పోదాం. డాక్టరమ్మ చెప్పేది నువ్వు నీ చెవులతోటి ఇను. ఇన్నంక ఒద్దనిపిస్తే, ఎందుకో ఆమెకే సెప్పు. సరే అంటే, రోజూ పొద్దున గోలీ నువ్వే ఇయ్యాలె. నేనియ్య. నీ చేత్తోటి, అత్తమ్మ ముంగట, పిల్లకు సెప్పి."

"నేనెందుకు?"

"దొంగతనంగ ఇచ్చుట్ల నువ్వున్నవ్ కదా. దొరతనంగ ఇచ్చుట్ల గూడ ఉండు."

అత్తమ్మ గడప మీద నుంచి, "పోరా, మాట్లాడకుండ పో," అంది కొడుకుతో.

డాక్టరమ్మ దగ్గర ఆయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. కోదాడ సంగతి నేనే చెప్పాను. ఆమె తిట్టలేదు. తిడుతుందేమో అని నేను ఆశపడ్డాను, నిజం చెప్పాలంటే. ఆ మందు పిల్లను నిద్రపుచ్చేది, ఈ మందు మనసు ఒకచోట నిలవడానికి సాయపడేది అని నెమ్మదిగా చెప్పింది. ఆకలి తగ్గొచ్చు, మొదట్లో నిద్ర పట్టకపోవచ్చు, ఏ మార్పున్నా వచ్చి చెప్పమంది. గోలీ ఒక్కదానితో అంతా అయిపోదని కూడా చెప్పింది. ఆయన ఒకే ప్రశ్న అడిగాడు. "దీన్ని పిచ్చి అంటరా మేడం?" "మీరు అనకపోతే చాలు," అంది ఆమె. సంతకం పెట్టమని ఎవరూ అడగకపోయినా ఆయన జేబులోంచి పెన్ను తీశాడు.

బడి తెరిచిన రోజు పొద్దున ఇడ్లీలు అయ్యాయి. అత్తమ్మ పీట వేసుకుని కూర్చుంది, సాక్షి లెక్కన. నేను మిషన్ దగ్గర కూర్చున్నాను. మా ఆయన గోలీ, గ్లాసు పట్టుకుని పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు.

"బిడ్డా, ఇది గోలీ. సదువు మీద మనసు నిలుస్తందుకు డాక్టరమ్మ ఇచ్చింది."

పిల్ల గోలీని చూసింది. గ్లాసును చూసింది. గ్లాసు వాసన చూసింది.

"డాడీ, ఇది తింటే నిద్రొస్తదా?"

మిషన్ చక్రం మీద నా చేయి ఆగింది. "రాదు బిడ్డా," అన్నాడు ఆయన. 

పిల్ల కాళ్ళాడిస్తూ కాసేపు ఆయన ముఖంలోకి చూసింది.

"మమ్మీని అడిగి సెప్పు," అంది.

ఆయన నా వైపు తిరిగాడు. చేతిలో గ్లాసు, కళ్ళలో నీళ్ళు. చూసేవాళ్ళెవరైనా జాలిపడేవాళ్ళు. నేను సూదిలో దారం ఎక్కించాను, ముడి వేశాను, మిగిలిన దారం కత్తిరించాను. ఆ తర్వాత చెప్పాను, రాదని.